మెషిన్ స్టక్

మా ప్రాజెక్టు లాగ్‌షీట్‌లోని ఒక పేజీ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఆ రోజు గడిలో నా చేతిరాతతో రెండే మాటలు: 'మెషిన్ స్టక్'. ఆ రెండు మాటలకి మాకైన ఖర్చు ఒక మోటారు.

మాది మెకానికల్, ఫైనలియర్. నలుగురం కలిసి కొబ్బరికాయ పీచు వలిచే మెషిన్ చేస్తున్నాం. నాది కోనసీమ కాబట్టి ఐడియా నాదే. రెండు రోలర్లు, వాటి నిండా మేకుల్లాంటి పళ్లు. రెండూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. మధ్యలో కాయ పెడితే పళ్లు పీచులో గుచ్చుకుని చెరోవైపు లాగుతాయి. ఎండుకాయ బాగానే వలిచేది. ఆ సాయంత్రం వర్క్‌షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. చూద్దాం అని ఒక పచ్చికాయ వేశాను. పచ్చి పీచు తెగలేదు. పోగులు పోగులుగా రోలర్ చివర చుట్టుకుని, లోపలికి దూరి, రోలర్‌ని ఆపేశాయి. మోటారు తిరక్కుండా 'ఊఁ' అని మూలిగింది. స్విచ్ ఆపేశాను. హాస్టల్ గేటు మూసే టైమైంది. లాగ్‌షీట్‌లో ఆ రెండు మాటలు గీకి పరిగెత్తాను.

పొద్దున్నే మా టీమ్‌మేట్ వచ్చాడు. షీట్ చదివాడు. అంతకుముందు వారం వానకి తడిసి బేరింగ్ బిగుసుకుపోతే నూనె వేసి కాసేపు తిప్పగానే వదులైంది. ఇదీ అదే అనుకున్నాడు. బేరింగ్‌కి నూనె వేశాడు, స్విచ్ వేశాడు, 'తిరుగుతూ ఉంటే అదే వదులవుద్దిలే' అని ఆకురాయి తెచ్చుకోవడానికి స్టోర్స్‌కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వర్క్‌షాపు నిండా కాలిన వార్నిష్ వాసన.

డబ్బులు మిగులుతాయని ఓవర్‌లోడ్ రిలే పెట్టలేదు మేము. దాని గురించి ఇంకేం చెప్పను.

మోటారుని ఆటోలో వేసుకుని వైండింగ్ షాపుకి వెళ్లాం. అక్కడి మేస్త్రి మూత విప్పి, నల్లగా మాడిన తీగలు చూసి, తలెత్తకుండానే అడిగాడు: 'జామైందా, బేరింగ్ పట్టేసిందా, లోడెక్కువై ఆగిందా?' నేను 'స్టక్ అయింది అన్నా' అన్నాను. ఆయన నవ్వాడు. 'ఆగిందని నాకూ తెలుస్తుందమ్మా, ఆగింది కాబట్టేగా తెచ్చారు. ఏది పట్టుకుందని అడుగుతున్నా.'

ఏది పట్టుకుంది? నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో నన్నెవరూ అడగని ప్రశ్న. అప్పటినుంచి కదల్లేకపోవడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ పోగేయడం మొదలుపెట్టాను. తెలుగు క్లబ్ పత్రికలో ఇంగ్లీషు మాటల గోలేంటి అని కొందరు అనుకోవచ్చు. మనం రోజంతా తెలుగులోనే 'స్టక్ అయిపోయాన్రా' అంటున్నాం కదా, కాబట్టి ఆ మాట మన క్లబ్ పరిధిలోకే వస్తుందని ఎడిటర్‌ని ఒప్పించాను.

ముందు ఆ మాట సంగతే చూద్దాం. స్టక్ అనేది 'స్టిక్' అనే క్రియ నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో దానికి గుచ్చడం, పొడవడం అని అర్థం. గుచ్చింది దిగబడి అక్కడే ఉండిపోతుంది కాబట్టి, రానురాను అంటుకుపోవడం, కదలకపోవడం అనే అర్థాలొచ్చాయి. మనలో సగంమంది దీన్ని 'స్ట్రక్' అంటాం. 'ట్రాఫిక్‌లో స్ట్రక్ అయ్యాను సార్, అందుకే లేటు.' స్ట్రక్ అంటే కొట్టబడటం, 'స్ట్రైక్' నుంచి వచ్చింది. అంటే ట్రాఫిక్‌లో మనల్నేదో గుద్దిందని సార్‌కి చెప్తున్నామన్నమాట. ఇంకో తమాషా 'స్టక్ అప్'. 'ఐ వాజ్ స్టక్ అప్ ఇన్ ట్రాఫిక్' అని నేనే ఎన్నోసార్లు మెసేజ్ పెట్టాను. స్టక్ అప్ అంటే పొగరుబోతు అని. ట్రాఫిక్‌లో పొగరుగా ఉన్నాను కాబట్టి లేటైంది! ఆ 'అప్' తీసేస్తే చాలు.

దాని పక్కన వచ్చే చిన్న మాటలు కూడా అర్థాన్ని మార్చేస్తాయి. లిఫ్టులో ఇరుక్కుంటే 'స్టక్ ఇన్'. లెక్క దగ్గర ఆగిపోతే 'స్టక్ ఆన్'. ఎవరికీ అక్కర్లేని పని మన నెత్తిన పడితే 'స్టక్ విత్'. ప్రతి టీమ్‌లో రిపోర్టు టైప్ చేసేవాళ్లకి ఈ మూడోది బాగా తెలుసు.

ఇన్ని వాడకాలున్నా, స్టక్ చెప్పేది ఒక్కటే: కదలట్లేదు. ఏది పట్టుకుందో చెప్పదు. మేస్త్రి అడిగిన మూడు మాటలూ చెప్తాయి.

మొదటిది జామ్. రెండింటి మధ్యలో మూడోదేదో దూరి, నొక్కుకుపోయి ఆపేయడం. ప్రింటర్లో కాగితం జామవుతుంది. బ్రెడ్డు మీద రాసుకునే జామ్ కూడా నొక్కి నలపడం నుంచే వచ్చి ఉండొచ్చని నిఘంటువులంటాయి. అమెరికాలో అడవుల్లో కొట్టిన దుంగల్ని ఒకప్పుడు నదిలో వదిలి కిందికి తేలిపోనిచ్చేవాళ్లు. ఒక దుంగ అడ్డం తిరిగితే వెనకవన్నీ వచ్చి గుట్టపడేవి. అదే లాగ్‌జామ్. అప్పుడు అనుభవమున్నవాడు గుట్ట మొత్తాన్ని లాగడు, అడ్డం పడ్డ ఆ ఒక్క దుంగ ఏదో వెతికి దాన్ని కదుపుతాడు. జామ్ అంటే అంతే. అడ్డుపడ్డది తీసేస్తే మిగతాదంతా బాగానే ఉంటుంది. మా మెషిన్‌కి పట్టింది ఇదే. కట్టర్‌తో ఆ పీచు పోగులు కోసేస్తే పది నిమిషాల పని.

రెండోది సీజ్. పోలీసులు బండి సీజ్ చేశారంటామే, ఆ మాటే. పట్టుకోవడం, స్వాధీనం చేసుకోవడం. ఇంజిన్లో ఆయిల్ అయిపోతే పిస్టన్ వేడెక్కి వ్యాకోచించి సిలిండర్ గోడని పట్టేసుకుంటుంది. మధ్యలో దూరిన వస్తువేం ఉండదు. కలిసి తిరగాల్సిన రెండు భాగాలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మన మెకానిక్‌లు 'ఇంజిన్ పట్టేసింది' అంటారు. ఇంగ్లీషు మాటని ఎవరో కూర్చుని అనువాదం చేశారని నేననుకోను. నడుం పట్టేసింది, మెడ పట్టేసింది అనే మనకి ఇంజిన్‌కి ఇంకో మాట వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. అసలు మాటలో ఇంగ్లీషువాడి ఊహా, మన ఊహా ఒకటే. సీజ్ అయినదానికి నూనె, వేడి, ఓపిక కావాలి. ఒక్కోసారి విప్పడం తప్పదు. మా టీమ్‌మేట్ నూనె వేసింది ఈ జబ్బుకి.

మూడోది స్టాల్. మొదట్లో ఆ మాటకి నిలబడే చోటు అని అర్థం, పశువుల్ని కట్టేసే కొట్టం. ఎగ్జిబిషన్లో స్టాల్ కూడా అదే. యంత్రాల్లో దీనర్థం వేరే: శక్తి అందుతూనే ఉంది, కానీ లోడ్‌ని తిప్పే బలం చాలక ఆగిపోయింది. క్లచ్ ఒక్కసారి వదిలితే బండి ఠక్కున ఆగిపోతుందే, అది. పెట్రోల్ బండికి ఆగిపోతే నష్టం లేదు, మళ్లీ స్టార్ట్ చేస్తాం. కరెంటు మోటారు అలా కాదు. ఇండక్షన్ మోటారు రోటార్‌ని కదలకుండా పట్టుకుని కరెంటిస్తే మామూలుగా తీసుకునేదానికి ఐదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మనకి తెలిసిందే. ఆరు రెట్లు కరెంటంటే తీగల్లో 36 రెట్లు వేడి. పైగా రోటార్ తిరగట్లేదు కాబట్టి చల్లబరిచే ఫ్యానూ తిరగదు.

మా మెషిన్ కథ ఇప్పుడు సరిగ్గా చెప్పొచ్చు. రోలర్ జామైంది. దానివల్ల మోటారు స్టాలైంది. మా వాడు సీజ్ అనుకుని మందేశాడు. నేను 'జామ్' అనే మూడక్షరాల మాట రాసి ఉంటే అతను ముందు కవర్ విప్పేవాడు. స్టక్ కంటే జామ్ పొడుగేం కాదు.

విమానానికి వచ్చే స్టాల్ మాత్రం వేరు, దాన్ని చూసి కంగారుపడొద్దు. రెక్క గాలికి మరీ ఎక్కువ కోణంలో నిలబడితే గాలి రెక్కని అంటిపెట్టుకుని పారడం మానేస్తుంది, పైకెత్తే బలం పడిపోతుంది. ఇంజిన్ బాగానే నడుస్తుండొచ్చు. విమానం ఆగదు, పడుతుంది. ఈ తేడా తెలియక 'స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం' అని రాసే వార్తలు చాలా కనిపిస్తాయి.

తర్వాతి వారం రివ్యూ. గైడ్ సార్ మోటారు ఎందుకు కాలిందని అడిగి, 'స్విచ్ వేసిందెవరు?' అన్నారు. మా వాడు లేచి నిలబడ్డాడు. 'చూసుకోకుండా ఆన్ చేసి వెళ్లిపోతావా' అని అందరి ముందూ తిట్టారు, అతని మార్కులు తగ్గించారు. నేను పక్కనే ఉన్నాను. లాగ్‌షీట్ నా ముందే ఉంది. నోరు రాలేదు. భయానికో, సిగ్గుకో ఒళ్లు కదలకపోవడాన్ని ఇంగ్లీషులో 'ఫ్రీజ్' అంటారు, గడ్డకట్టడం. తెలుగులో కొయ్యబారిపోవడం అంటాం, స్థాణువైపోవడం అంటాం. స్థాణువంటే కదలని మోడు. వాళ్లకి మంచు, మనకి కొయ్య. ఎవరి ఊళ్లో ఉన్నదాన్నిబట్టి వాళ్లు చెప్పుకున్నారు. ఆ రోజు రాత్రి 'నేను ఫ్రీజయ్యాను' అని నా రూమ్మేట్‌తో చెప్పుకున్నాను. ఆ మాట సంగతి మళ్లీ వస్తాను.

యంత్రాల మాటలైపోయాక నీళ్ల మాటల్లో పడ్డాను. ఇవే నాకు ఎక్కువ నచ్చాయి. ఇంగ్లీషు ఓడలవాళ్ల భాష. ఓడ ఎన్నిరకాలుగా ఆగిపోతుందో అన్ని మాటలున్నాయి. వీటిని నేర్చుకోవడానికి ఎవర్ గివెన్ ఓడ కథొక్కటి చాలు. 2021 మార్చి 23న, పెద్దగాలిలో, 400 మీటర్ల పొడవున్న ఆ కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగింది. అందులో పనిచేసే 25 మందీ మనదేశం వాళ్లే. ముక్కు ఒడ్డు ఇసుకలోకి దిగింది. ఓడ అడుగు నేలకి తగిలి ఆగితే 'అగ్రౌండ్'. ఓడ పొడవు కాలువ వెడల్పు కంటే ఎక్కువ కాబట్టి అటూ ఇటూ రెండు ఒడ్లకీ మేకులా బిగుసుకుంది. అది 'వెడ్జ్‌డ్'. వెడ్జ్ అంటే చీల, వర్క్‌షాపులో మనం కొట్టేదే. దాని వెనక దారిలేక నిలిచిపోయిన ఓడలు 300 పైనే. వాటికేం కాలేదు, ఇంజిన్లు బాగున్నాయి, నీళ్లలోనే తేలుతున్నాయి. అవి 'హెల్డ్ అప్' మాత్రమే. డ్రెడ్జర్లు ఇసుక తవ్వి, టగ్గు పడవలు లాగి, పౌర్ణమి పోటు కూడా సాయంచేశాక మార్చి 29న ఓడ తేలింది. కథ అయిపోయిందనుకుంటే కాలేదు. నష్టపరిహారం తేలేదాకా వదలమని కాలువ అధికారులు ఓడని ఆపేశారు. జులై 7 దాకా గ్రేట్ బిట్టర్ సరస్సులో లంగరేసి ఉండిపోయింది. ఇప్పుడది 'ఇంపౌండెడ్'. ఇసుకలో ఉన్నది ఆరు రోజులు, కాగితాల్లో ఉన్నది మూడు నెలల పైన. ఒకే ఓడ, ఒకే ఏడాది. టీవీలన్నీ మాత్రం మొదటినుంచి చివరిదాకా స్టక్ అనే అన్నాయి. ఇసుకలో ఉన్నప్పుడు డ్రెడ్జర్ కావాలి, కాగితాల్లో ఉన్నప్పుడు లాయర్ కావాలి. ఒకదాని బదులు ఇంకోటి పంపితే?

'స్ట్రాండెడ్' అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్ట్రాండ్ అంటే పాత ఇంగ్లీషులో సముద్రపు ఒడ్డు. ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చి మళ్లీ నీళ్లలోకి పోలేకపోతే స్ట్రాండెడ్. అంటే అక్షరాలా 'ఒడ్డున పడింది' అని. మన తెలుగులో 'ఒడ్డున పడ్డాడు' అంటే ఏంటి? గండం గట్టెక్కింది, బతికి బయటపడ్డాడు అని! ఒకటే ఒడ్డు, అర్థాలు ఎదురెదురు. వాళ్లు ఓడ వైపు నుంచి చూశారు, మనం ఈదేవాడి వైపు నుంచి చూశాం. నాన్నకి ఇది చెప్తే 'మరి ఓడకి కాళ్లు లేవు కదమ్మా' అన్నాడు. నేను రాసిన రెండు వాక్యాల కంటే అదే బాగుంది.

ఇప్పుడు స్ట్రాండెడ్‌ని ఓడలకి కాకుండా మనుషులకి వాడుతున్నాం. అటూ ఇటూ తిరగొచ్చు, ఒంటికేం కాలేదు, కానీ ఆ చోటు వదిలిపోయే సాధనం లేదు. పండక్కి ఊరెళ్తూ ఆఖరి బస్సు తప్పిపోయి కాంప్లెక్స్‌లో రాత్రంతా కూర్చుంటే అది స్ట్రాండెడ్. లిఫ్టులో ఇరుక్కుంటే అది కాదు, 'ట్రాప్‌డ్'. తలుపు మూసుకుంది, బయటపడాలి, భయం ఉంది. ఈ మాట మీద పెద్దవాళ్లు కూడా గొడవపడ్డారు. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2024 జూన్ 5న ఎనిమిది రోజుల పనిమీద అంతరిక్షానికెళ్లి, వెళ్లిన నౌకలో లోపాలు రావడంతో 286 రోజులుండి 2025 మార్చి 18న దిగారు. పేపర్లు స్టక్ అన్నాయి, స్ట్రాండెడ్ అన్నాయి. విల్మోర్ అక్కడినుంచే ఇంటర్వ్యూలో ఆ మాటలొద్దన్నారు. మమ్మల్నెవరూ వదిలేయలేదు, ఇలాంటివాటికి సిద్ధపడే వచ్చాం అన్నది ఆయన మాటల సారం. ఎవరిది రైటంటే నేను రెండు వైపులా ఆలోచించాను. వెళ్లిన నౌక వాళ్లు లేకుండానే వెనక్కొచ్చేసింది నిజం. కానీ ఆ సెప్టెంబరు చివర్లో ఇంకో నౌక రెండు ఖాళీ సీట్లతో వెళ్లి స్టేషన్‌కి కట్టేసే ఉంది. స్ట్రాండెడ్ అంటే పోయే సాధనం లేకపోవడం అయితే, అప్పటినుంచి ఆ మాట తప్పు. విల్మోర్ పక్షానికే నా ఓటు.

నీళ్ల మాటల్లో ఇంకోటి 'మరూన్డ్'. ఈ రంగుకీ దానికీ సంబంధం లేదు. ఇది స్పానిష్ 'సిమరోన్' నుంచి వచ్చింది. అడవిలోకి పారిపోయినవాళ్లని అలా అనేవాళ్లు, కరీబియన్ దీవుల్లో పారిపోయిన బానిసల్ని ముఖ్యంగా. తర్వాత ఎవరినైనా దిక్కులేని దీవిలో దింపేసి పోవడానికి ఆ మాట అతుక్కుంది. గోదావరికి వరదొచ్చినప్పుడు మా లంక ఊళ్ల గురించి ఇంగ్లీషు పేపర్లు మరూన్డ్ అంటాయి, తెలుగు పేపర్లు 'జలదిగ్బంధం' అంటాయి. దిక్కులన్నీ నీళ్లు కట్టేశాయని. పెద్ద మాటని వెక్కిరించేదాన్ని గానీ, అటకెక్కి కూర్చుని చూసినవాళ్లకి అది సరిగ్గా సరిపోయే మాట.

నాన్న ట్రాక్టర్ డ్రైవర్. దమ్ములకి, ఇసుక తోలకాలకి వెళ్తాడు. చేలో ట్రాక్టర్ ఆగితే ఆయన ఏనాడూ 'ఆగిపోయింది' అని ఊరుకోడు. బురదలో కూరుకుంటే దిగబడింది. గట్టుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య ట్రక్కు పట్టకపోతే ఇరుక్కుంది. చక్రానికి తాడో చీరముక్కో చుట్టుకుంటే చిక్కుకుంది. తుప్పుపట్టి బోల్టు రాకపోతే బిగుసుకుపోయింది. పొద్దున్నే ఎంత తిప్పినా స్టార్ట్ కాకపోతే మొరాయించింది, అంటే దానికి పౌరుషం కూడా ఉందన్నమాట. యజమానికి ఫోన్లో ఒక్క మాట చెప్తాడు, ఆయన తాడు పంపాలో, గునపం పంపాలో, మెకానిక్‌ని పంపాలో ఆ మాటతోనే తేల్చుకుంటాడు. నేను ఇన్నాళ్లూ ఇంగ్లీషులో మాటలు వెతుకుతున్నాననుకున్నాను. మా ఇంట్లో ఉన్నవి ఇంగ్లీషులో ఏమంటారో వెతుకుతున్నాను.

దిగబడటాన్ని ఇంగ్లీషులో 'బాగ్డ్ డౌన్' అంటారు. బాగ్ అంటే ఊబి నేల, ఐరిష్‌లో మెత్తన అనే మాట నుంచి వచ్చింది. దిగబడిన బండికి ఒక లక్షణముంది. 'ఎక్కువ రేజ్ చేసేకొద్దీ ఎక్కువ దిగుద్ది' అంటాడు నాన్న. చక్రం తిరిగేకొద్దీ గుంత పెద్దదవుతుంది. దిగి, కొబ్బరిమట్టలు తెచ్చి, చక్రం కింద వేసి, నెమ్మదిగా తియ్యాలి. 'బాగ్డ్ డౌన్ ఇన్ డీటెయిల్స్' అనేది మా సెమినార్ రిపోర్టుకి గైడ్ సార్ రాసిన కామెంటు. నేను దాన్ని 'వివరాలు చాలలేదు' అనుకుని ఇంకో పది పేజీలు కలిపాను. ఇంకా దిగబడ్డాను.

మోటారు కాలిన తర్వాత రెండు వారాలు మా ప్రాజెక్టు అసలు కదల్లేదు. ఏమైందో చూడండి. మోటారు కొనేవాడు 'టార్క్ ఎంతో చెప్తే కొంటా' అన్నాడు. టార్క్ లెక్క నాది. 'రోలర్ పొడవు ఖాయమైతే చెప్తా' అన్నాను. రోలర్ చేసేవాడు 'ఫ్రేమ్ సైజు ఇస్తే చేస్తా' అన్నాడు. ఫ్రేమ్ వేసే అమ్మాయి 'ఏ మోటారో తెలిస్తే వేస్తా' అంది. ఎవరి మాటా తప్పు కాదు. లాగ్‌షీట్‌లో నాలుగు గడుల్లో 'వెయిటింగ్'. మా పక్క గదిలో సీఎస్ఈ వాళ్లకి చూపిస్తే పడీపడీ నవ్వారు. వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్‌లో ఇది డెడ్‌లాక్. 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు కలిసి రాసిన పేపర్లో దీనికి నాలుగు షరతులు చెప్పారు: ఒక వనరుని ఒక్కరే వాడగలగాలి, చేతిలో ఉన్నది వదలకుండా ఇంకోదానికోసం ఎదురుచూడాలి, బలవంతంగా లాక్కునే వీలుండకూడదు, ఎదురుచూపులు గుండ్రంగా తిరిగి మొదటికి రావాలి. నాలుగూ ఉంటేనే డెడ్‌లాక్. ఒక్కటి విరిచినా విడిపోతుంది.

ఆ మాట పుట్టింది మాత్రం కంప్యూటర్లలో కాదు, నాటకంలో. 1779లో షెరిడన్ రాసిన 'ది క్రిటిక్' అనే ప్రహసనంలో అది మొదటిసారి కనిపిస్తుందని నిఘంటువులు చెప్తాయి. అందులో ఒక చెత్త నాటకం రిహార్సల్ జరుగుతుంటుంది. ఇద్దరమ్మాయిలు ఒకణ్ని పొడవబోతారు. వాళ్ల మామలిద్దరూ ఆ అమ్మాయిల చేతులు పట్టుకుని, తమ కత్తులు వాడి వైపు తిప్పుతారు. వాడు రెండు బాకులు తీసి ఆ అమ్మాయిల గుండెలకి పెడతాడు. ఎవరు ముందు వదిలినా చస్తారు కాబట్టి ఎవరూ వదలరు. నాటకం రాసినాయన మురిసిపోతూ దీన్ని డెడ్‌లాక్ అంటాడు. కాఫ్‌మన్ షరతులన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి! మరి ఎలా విడిపోతారంటే, ఒక భటుడొచ్చి రాణిగారి ఆజ్ఞ, అందరూ కత్తులు కింద పడేయండి అంటాడు. పడేస్తారు. సీఎస్ఈ వాళ్లు దీన్నే ప్రీఎంప్షన్ అంటారు.

మాకొచ్చిన భటుడు వర్క్‌షాపు ల్యాబ్ అసిస్టెంట్ గారు. స్క్రాప్ గదిలోంచి పాత ఒక హెచ్‌పీ మోటారు ఈడ్చుకొచ్చి టేబుల్ మీద పడేసి, 'మీ మోటారు ఇదే, ఇంక లెక్కలెయ్యండి' అన్నారు. సాయంత్రానికి ఫ్రేమ్ డ్రాయింగ్ అయిపోయింది.

తెలుగు పేపర్లు ఇలాంటివాటన్నిటికీ 'ప్రతిష్టంభన' అనే ఒకే మాట వాడతాయి. ఇంగ్లీషులో తేడాలున్నాయి. చదరంగంలో స్టేల్‌మేట్ అంటే ఆడాల్సినవాడి రాజుకి చెక్ లేదు, కానీ వేయడానికి ఒక్క ఎత్తూ లేదు. ఆట డ్రా, ఇక అంతే. డెడ్‌లాక్ విడిపోవచ్చు, స్టేల్‌మేట్‌లో విడిపోవడానికేం మిగల్లేదు. ఇంపాస్ ఫ్రెంచి మాట, ముందుకి దారిలేని సందు. వెనక్కి రావచ్చు. గ్రిడ్‌లాక్ న్యూయార్క్‌ది. 1980 ఏప్రిల్‌లో అక్కడ బస్సులు, మెట్రో రైళ్ల సమ్మె జరిగినప్పుడు అందరి నోళ్లలో పడింది. అడ్డగీత నిలువుగీత వీధుల్లో నాలుగు కూడళ్లలోనూ బళ్లు ఒకదానికొకటి అడ్డంపడి చుట్టూ బిగుసుకుపోవడం. మామూలు ట్రాఫిక్ జామ్‌ని గ్రిడ్‌లాక్ అనకూడదు. ముందు బండి కదిలితే జామ్ కదులుతుంది, గ్రిడ్‌లాక్‌లో 'ముందు బండి' అనేదే లేదు.

ఇక ఆ ఫ్రీజ్ సంగతి. ఈ వ్యాసం కోసం స్టాల్ మాటని మళ్లీ చూస్తుంటే నిఘంటువులో దాని కిందే ఇంకో స్టాల్ కనిపించింది. చూడ్డానికి ఒకటే, పుట్టుక వేరు. అది వేటలో డేగని రప్పించడానికి పెట్టే ఎర పక్షి. తర్వాత జేబుదొంగ పనిచేస్తుంటే మన దృష్టి మళ్లించే తోడుదొంగ. ఇప్పుడు 'స్టాలింగ్' అంటే చెప్పాల్సింది చెప్పకుండా, చేయాల్సింది చేయకుండా కావాలని కాలం గడపడం. తెలుగులో నాన్చడం. రివ్యూలో ఆ నిమిషం నేను కొయ్యబారిన మాట నిజమే. కానీ ఆ తర్వాత ఇరవై రోజులు? సార్ గది ముందునుంచి రోజూ వెళ్తూ, 'ఇవాళ బిజీగా ఉన్నట్టున్నారు' అనుకుంటూ నడిచిపోయిన ఆ ఇరవై రోజులకి ఫ్రీజ్ అనే మాట సరిపోదు.

ఇరవై ఒకటో రోజు లాగ్‌షీట్ పట్టుకుని వెళ్లాను. నా గడి చూపించి, ఇది చదివే అతను స్విచ్ వేశాడని చెప్పాను. సార్ చాలాసేపు ఆ రెండు మాటలే చూశారు. అతని మార్కులు అతనికి వేశారు, నావి తీశారు. మా వాడికి ఆ సాయంత్రం చెప్తే 'రిలే పెట్టొద్దన్నది కూడా నువ్వే' అన్నాడు. అదీ నిజమే. మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగోరోజు తనే కట్టర్ అడిగాడు.

కొత్త మోటారుతో మొదటి పచ్చికాయ వేసినప్పుడు మళ్లీ అదే చోట పీచు చుట్టుకుంది. ఈసారి రిలే ఉంది, ట్రిప్పయింది. ఆ రోజు గడిలో ఇలా రాశాను: 'ఎడమ రోలర్ చివర పచ్చి పీచు చుట్టుకుని జామ్. బేరింగ్ బాగానే ఉంది, చేత్తో తిప్పి చూశాను. మోటారు స్టాలై రిలే కొట్టేసింది. మెయిన్ తీసేశాను. పీచు కోసేదాకా ఎవరూ ఆన్ చేయొద్దు. కట్టర్ రెండో డ్రాయర్లో ఉంది.' గడిలో పట్టక పక్కవాడి గడిలోకి వెళ్లింది. అతను కింద 'ఓకే, కోసేశా' అని రాశాడు.